కార్డు మీద ఒక్క వచనం, దాని వెనుక మూడు అధ్యాయాలు



డిసెంబరు 31 రాత్రి ఆరాధన మన సంఘాల్లో ఎంత నిండుగా జరుగుతుందో మీకు తెలుసు. ఏడాది పొడవునా మందిరం గుమ్మం తొక్కనివారు కూడా ఆ రాత్రి వస్తారు. పన్నెండు గంటలకు ప్రార్థన, తర్వాత కేకు, ఆ తర్వాత వాగ్దాన కార్డులు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకొని, తిప్పి చదువుకొని, కళ్లకద్దుకుంటాము. తెల్లవారేసరికి ఆ కార్డు బీరువా తలుపు మీదికో, ఆటో అద్దం మీదికో చేరుతుంది. ఫోటో తీసి స్టేటస్ పెడతారు. చాలామందికి ఆ సంవత్సరపు వాక్యధ్యానం అక్కడితో అయిపోతుంది.

కార్డులను ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. మన మందిరంలోనూ ఇస్తాము, ఇకముందూ ఇస్తాము. ఆ మీద ఉన్నది దేవుని మాటే. అయితే ఊరగాయ ఎంత బాగున్నా ఒట్టి ఊరగాయతో కడుపు నిండదు కదా. అన్నం కావాలి. మన ఇళ్లలో ఆత్మీయ ఎదుగుదల ఆగిపోవడానికి పెద్ద కారణం వాక్యాన్ని ముక్కలుగా తీసుకునే అలవాటేనని మా అభిప్రాయం. ఎక్కడిదో, ఎవరితో చెప్పిందో తెలియని ఒక్క వచనం మంచిరోజుల్లో బాగానే ఉంటుంది. కష్టం వచ్చినప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

కార్డుల్లో తరచుగా వచ్చే వచనం ఒకటి తీసుకుందాము. యిర్మీయా 29:11. ప్రభువు తన ప్రజల గురించి తలచేది కీడు కాదని, మేలేనని, వారికి నిరీక్షణ ఇస్తానని చెప్పే మాట. పెళ్లి పత్రికల మీద, కొత్త ఇంటి గోడ మీద, పరీక్షలకు వెళ్లే పిల్లల బ్యాగుల్లో దీన్ని చూస్తూ ఉంటాము. దీనికి ముందు ఏముందో, వెనుక ఏముందో చదివినవారు ఎంతమంది?

ఆ అధ్యాయం అసలు ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి, యెకోన్యా రాజును, రాజు తల్లిని, అధిపతులను, చేతిపని తెలిసినవారిని బబులోనుకు చెరపట్టి తీసుకుపోయాడు. యెరూషలేములో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త చెరలో ఉన్న ఆ ప్రజలకు ఉత్తరం రాసి, బబులోనుకు వెళ్తున్న ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేత పంపాడు. మన కార్డు మీది వచనం ఆ ఉత్తరంలోని ఒక్క వాక్యం.

ఉత్తరం ఎందుకు రాయవలసి వచ్చిందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి, 27, 28 అధ్యాయాలకు వెళ్లాలి. దేవుడు యిర్మీయాను కాడి చేసుకొని మెడకు కట్టుకోమన్నాడు. ఎద్దు మెడ మీద ఉండే కాడి. బబులోను రాజు కాడి కింద మెడ వంచి బ్రతకండి, ఇది దేవుడు అనుమతించినదే అని దాని అర్థం. అంతలో గిబియోను వాడైన హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో యాజకుల ముందు, ప్రజలందరి ముందు నిలబడ్డాడు. రెండేళ్లలో చెర ముగుస్తుందని, దేవాలయపు ఉపకరణాలు తిరిగి వస్తాయని, రాజు వస్తాడని, చెరపట్టబడినవారందరూ వస్తారని ప్రకటించాడు. దేవుని పేరుతోనే చెప్పాడు. యిర్మీయా మెడ మీది కాడి తీసి అందరూ చూస్తుండగా విరిచాడు కూడా. ఆరోజు ఎవరి చేతిలోనైనా ఫోను ఉంటే ఎవరి వీడియో ఊరంతా తిరిగేదో మీరే ఊహించుకోండి.

యిర్మీయా మొదట ఏమన్నాడో చూశారా? ఆమేన్ అన్నాడు. దేవుడు అలాగే చేస్తే ఎంత బాగుండునని అన్నాడు. తన జనం చెరలో ఉంటే ఆయనకు సంతోషమా? కానీ దేవుడు తనకు చెప్పింది వేరు. కొయ్య కాడి విరిచినవానికి ఇనుప కాడి వస్తుందని మరల ప్రభువు మాట వచ్చింది. ఐదవ నెలలో మాట్లాడిన హనన్యా ఏడవ నెలలో చనిపోయాడని ఆ అధ్యాయం ముగుస్తుంది.

ఆ తర్వాత ఉత్తరం. రెండేళ్లలో ఇంటికి వెళ్తామని మూటలు కట్టుకొని కూర్చున్నవారికి దేవుడు చెప్పినది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పంట తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టినవాడి పట్టణం క్షేమంగా ఉండాలని ప్రార్థించండి. బబులోనుకు డెబ్బది సంవత్సరములు గడిచిన తర్వాతనే మిమ్మల్ని దర్శిస్తాను. అది పదవ వచనం. దాని వెంటనే వస్తుంది మన పదకొండవ వచనం.

బుధవారం కూడికలో ఈ భాగం చదివినప్పుడు జరిగినది ఒకటి చెప్పాలి. మన కూడికలో ఒక పెద్దమ్మ ఉన్నారు. అక్షరం ముక్క రాదు. పొద్దంతా కూలికి వెళ్లి, స్నానం చేసి, తలకు కొంగు వేసుకొని వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంటారు. తోటలు నాటమన్న మాట దగ్గర చదివే అబ్బాయిని ఆపి ఆవిడ అన్నారు: "అయ్యగారూ, కూరగాయల పాదు పెట్టుకోమనలేదు. తోట నాటి కాయ తినమన్నాడు. మామిడి మొక్క నాటితే కాయ కాసేదెప్పుడు? ఇప్పుడిప్పుడే రారని చెప్పినట్టేగా." డెబ్బై సంవత్సరాలన్న మాట అప్పటికి ఆవిడ వినలేదు. ఇంకా ఐదు వచనాలు ముందుంది. సెమినరీలో మేము చదివిన వ్యాఖ్యానాల్లో ఉన్న సంగతే ఇది. ఆవిడ నేల మీద పనిచేసిన అనుభవంతో పట్టుకున్నారు.

కాబట్టి చదువు రాదు గనుక బైబిలు పఠన మనకు కాదు అనే మాట ఇక పక్కన పెట్టండి. మొదటి శతాబ్దపు సంఘాల్లో ఎక్కువమందికి చదవడం రాదు. కొలొస్సయుల పత్రిక చివర పౌలు ఈ ఉత్తరాన్ని సంఘంలో చదివించమంటాడు. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవానికి, వినేవారికి కూడా ధన్యత చెప్పబడింది. చదివేవాడు ఒకడు, వినేవారు చాలామంది. ఈరోజు తెలుగు బైబిలు ఆడియో ఫోనులోనే దొరుకుతుంది. మిరపకాయల కోతకు వెళ్లినప్పుడు సినిమా పాటలు పెట్టుకునే స్పీకరులో మార్కు సువార్త పెట్టుకోవచ్చు. గంటన్నరో, కొంచెం ఎక్కువో పడుతుంది. నాలుగు సాళ్లు అయ్యేసరికి సువార్త మొత్తం విన్నట్టే.

ఇక అసలు బరువైన సంగతికి వద్దాము. ఆ కార్డు ఇంట్లో పెట్టుకున్న ఒక కుటుంబం గురించి, వారి అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాము. 2021లో వేసిన మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. ఆ ఏడు ఆంధ్రాలోను తెలంగాణలోను ఎన్ని వేల ఎకరాలు అలా పూతలోనే పోయాయో మీలో చాలామంది కళ్లారా చూశారు. కౌలు కట్టాలి, మందుల కొట్టు అప్పు తీర్చాలి, ఇంట్లో ఆడపిల్ల పెళ్లి. ఆ తమ్ముడు మందిరానికి రావడం మానేశాడు. మేము వెళ్లి కలిస్తే గోడ మీది కార్డు చూపించి అడిగాడు: "మేలే చేస్తానన్నాడుగా అయ్యగారూ. ఇది మేలా?"

అతను దేవుణ్ణి దూషించలేదు. నమ్మిన మాటను పట్టుకొని అడిగాడు. ఆ ప్రశ్నకు ఇంకో కార్డు ఇచ్చి జవాబు చెప్పలేము. "విశ్వాసం తగ్గింది, ఉపవాసం ఉండు" అనడం ఇంకా దారుణం. మూడు సాయంత్రాలు వాళ్ల అరుగు మీద కూర్చొని 27, 28, 29 అధ్యాయాలు రోజుకొకటి చదివాము. ఇరవై ఎనిమిదో అధ్యాయం దగ్గర అతను చాలాసేపు ఆగిపోయాడు. "హనన్యా కూడా దేవుడి పేరే చెప్పాడు. వినేవాళ్లకు ఏది నిజమో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఇది ఎదుగుతున్న విశ్వాసి అడిగే ప్రశ్న. యిర్మీయా ఇచ్చిన జవాబు అక్కడే ఉంది: తనకు ముందున్న ప్రవక్తలు ఏమి చెప్పారో చూడమన్నాడు, సమాధానం వస్తుందని చెప్పేవాని మాట నెరవేరినప్పుడే అతణ్ణి దేవుడు పంపాడని తెలుస్తుందన్నాడు. అంటే వినగానే ఊగిపోవద్దు, ఇంతకుముందు దేవుడు చెప్పినదాని పక్కన పెట్టి చూడండి అని.

మూడో రోజు ఉత్తరం చదివాక అతను అన్నది ఒక్క మాటే. "అయితే ఇది డెబ్బై ఏళ్ల వాగ్దానమన్నమాట." ఆ ఉత్తరం మొదట విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేమును చూసి ఉండరు. వారికి దేవుడు ఇచ్చిన మేలు చెరలో కట్టుకున్న ఇల్లు, నాటిన తోట, పుట్టిన మనుమలు, వెదికితే దొరుకుతానన్న దేవుడు. పన్నెండు, పదమూడు వచనాలు చూడండి, ప్రార్థిస్తే వింటానని, పూర్ణమనస్సుతో వెదికితే దొరుకుతానని అక్కడే ఉంది. విచిత్రం ఏమిటంటే కార్డుల్లో ఆ రెండు వచనాలు అంతగా కనబడవు. వెదకడంలో మన పని ఉంది గనుక కాబోలు.

ఆ తమ్ముడి అప్పు ఇంకా తీరలేదు. నెలలో రెండు మూడు ఆదివారాలు వస్తున్నాడు. కార్డు గోడ మీదే ఉంది. దాని కింద పెన్నుతో 27, 28, 29 అని రాసుకున్నాడు.

ఇదే యిర్మీయా గ్రంథాన్ని చెరలోనే చదివిన ఇంకొకరు ఉన్నారు. దానియేలు. పిన్నవయసులో బబులోనుకు పట్టుబడి వచ్చినవాడు ముసలివాడయ్యాడు. రాజ్యాలు మారాయి. తొమ్మిదవ అధ్యాయంలో ఆయన గ్రంథాలు చదువుతూ, యిర్మీయాకు ప్రభువు చెప్పిన డెబ్బై సంవత్సరాల లెక్కను గ్రహించానంటాడు. సింహాల గుహలోకి వెళ్లడానికి వెనుదీయనివాడు, కలల భావం చెప్పగలిగినవాడు, ఆయనకే ఒక గ్రంథం ముందు కూర్చొని చదివి లెక్కవేసుకోవలసిన పని ఉందంటే మన సంగతేమిటి! చదివాక ఆయన గంతులు వేయలేదు. గోనెపట్ట కట్టుకొని, బూడిద పోసుకొని, ఉపవాసముండి ప్రార్థించాడు. ఆ ప్రార్థన అంతా "మేము" అనే మాటతో నడుస్తుంది. మేము పాపము చేశాము, మేము వినలేదు అని. తన నీతి గురించి ఒక్క ముక్క లేదు. వాగ్దానాన్ని మొత్తంగా చదివినవాడు మోకాళ్ల మీదికి వెళ్లాడు. మనం ముక్క చదివి స్టేటస్ పెడుతున్నాము.

ఇలాంటి ఇంకో వచనం ఫిలిప్పీయులకు 4:13. మనల్ని బలపరచువానియందు సమస్తం చేయగలమని. కబడ్డీ జట్టు చొక్కాల మీద కూడా చూశాము. సంకెళ్లలో ఉన్నవాడు రాసిన మాట అది. పై రెండు వచనాల్లో ఆకలితో ఉండటం, కడుపు నిండి ఉండటం రెండూ నేర్చుకున్నానంటాడు. గెలుస్తానని ధీమా చెప్పడం అక్కడ పౌలు ఉద్దేశం కాదు, లేమిలోనూ తృప్తిగా ఉండగలనన్నది ఆయన మాట. ఆ పత్రిక మొత్తం నాలుగే అధ్యాయాలు. పావుగంట చాలు. టీ చల్లారేలోపు అవుతుంది.

అసలు ఈ వచనాల అంకెలు పౌలు వేసినవి కావు. అధ్యాయాల విభజన పదమూడవ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనకు మనం ఇప్పుడు వాడే వచనాల అంకెలు వేసినది 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు. వెతుక్కోవడానికి వేసిన గుర్తులు అవి, మైలురాళ్లలాగా. ఫలానా మైలురాయి దగ్గర దిగి, ఫోటో తీసుకొని, ప్రయాణం అయిపోయిందని ఇంటికి వచ్చేవారు ఉంటారా?

మన భాషలో ఈ గ్రంథం దొరకడానికి ఎవరెవరు ఎంత కష్టపడ్డారో కూడా కొంచెం గుర్తుచేయాలి. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకొని, క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని పెట్టుకున్నారు. వాటిలో కొన్ని 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యేసరికి ఆ మిషనరీలిద్దరూ ఈ లోకంలో లేరు. బైబిలు మొత్తం తెలుగువారి చేతికి రావడానికి ఇంకో నలభై ఏళ్లకు పైగా పట్టింది. వారు తమ చేతిపని అచ్చులో చూడలేదు. మన ఇంట్లో అదే పుస్తకం టీవీ మీద, జిప్పు కవరులో, జిప్పు తెరవని స్థితిలో ఉంటుంది.

"అయ్యగారూ, చదువుదామని కూర్చుంటే ఆ భాష అర్థం కాదు" అని యౌవనస్థులు అంటారు. ఇది నిజమైన ఇబ్బందే. ఏలయనగా, ఆశానిగ్రహము, కరుణాపీఠము లాంటి మాటలు ఇంగ్లీషు మీడియం పిల్లలకు కొరుకుడు పడవు. వాడుక భాషలో అనువాదాలు ఇప్పుడు ఉన్నాయి, పక్కన పెట్టుకొని చదవండి, దానిలో తప్పేమీ లేదు. అయితే అర్థం కాలేదని ఆగిపోవడానికి, అర్థం కాలేదని అడగడానికి చాలా తేడా ఉంది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుల రాణి దగ్గర ధనాగారమంతటి మీద ఉన్న అధికారి రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్తున్నాడు. చదువుతున్నది గ్రహిస్తున్నావా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా త్రోవ చూపకపోతే ఎలాగని అన్నాడు. అంత పెద్ద ఉద్యోగి ఆ మాట అనడానికి సిగ్గుపడలేదు. ఇంటర్ చదివే పిల్లలు సిగ్గుపడుతున్నారు!

అలాగే ఎవరు చెప్పినా సరే, మేము చెప్పినా సరే, ఇంటికి వెళ్లి లేఖనం తెరచి చూడండి. బెరయ వారు పౌలు బోధనే ప్రతిరోజూ లేఖనాలతో పోల్చి చూశారు, దానికి వారిని మెచ్చుకున్నారే గాని తప్పుపట్టలేదు. యూట్యూబులో పెద్ద గొంతుతో చెప్పినవన్నీ వాక్యమైపోవు. హనన్యా గొంతు కూడా పెద్దదే అయి ఉంటుంది.

నెహెమ్యా 8వ అధ్యాయంలో మాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. ఎజ్రా ఉదయం నుండి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదవడం, ప్రజలు ఏడవడం, లేవీయులు ఓదార్చడం అందరికీ తెలుసు, పెద్ద కూడికల్లో ప్రసంగిస్తారు. రెండవ దినం సంగతి ఎవరూ చెప్పరు. రెండవ దినాన కుటుంబ పెద్దలు, యాజకులు, లేవీయులు కొద్దిమంది మళ్లీ ఎజ్రా దగ్గరకు వచ్చారు, వాక్యాన్ని ఇంకా జాగ్రత్తగా తెలుసుకోవడానికి. ఆ చిన్న కూడికలోనే పర్ణశాలల పండుగ గురించిన ఆజ్ఞ వారి కంటబడింది. కొండలకు వెళ్లి కొమ్మలు తెచ్చి, చెర నుండి వచ్చినవారందరూ పర్ణశాలలు కట్టుకున్నారు. మొదటి దినం కన్నీళ్లు వచ్చాయి, రెండవ దినం చేయవలసిన పని తెలిసింది. మన సంఘాల్లో మొదటి దినాలు చాలా ఉన్నాయి. మైకులు, షామియానాలు, మూడు రోజుల మహాసభలు. మా ఆశ రెండవ దినం మీద.

మన బుధవారం కూడిక ఆ రెండవ దినం లాంటిదే. పనుల నుండి వచ్చి భోజనాలు చేశాక ఏడున్నరకు మొదలు. ఒకరు భాగం చదువుతారు, ఇంకొకరు అదే భాగం మళ్లీ చదువుతారు. మొదటి అరగంట పాస్టరు ప్రసంగం చేయకూడదని నియమం పెట్టుకున్నాము, అది మాకే అన్నిటికంటే కష్టమైన నియమం. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, దీనికి ముందు ఏం జరిగింది అని వెదుకుతాము. ఇక్కడ దేవుడు ఎలాంటివాడుగా కనబడుతున్నాడో మాట్లాడుకుంటాము. నాకేమిటి అనే ప్రశ్న చివరికి. ఆ ప్రశ్నతో మొదలుపెడితే అది తప్ప ఇంకేమీ కనబడదు.

దూరంగా ఉన్న పిల్లలారా, 29:7 మీకోసం ప్రత్యేకంగా చదవండి. మీరు ఉన్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని ఉంది. కువైట్‌లో గదిలో ఎనిమిదిమందితో ఉన్న తమ్ముడికి, హాస్టల్లో ఉన్న చెల్లికి ఆ ఉత్తరం మనకంటే బాగా అర్థం కావచ్చు. మీకు ఏమనిపించిందో వాయిస్ మెసేజ్ పెట్టండి, కూడికలో వినిపిస్తాము.

రాబోయే డిసెంబరు 31 రాత్రి కూడా కార్డులు ఉంటాయి. ఈసారి ప్రతి కార్డు కింద ఆ వచనం ఉన్న అధ్యాయంతోపాటు దాని ముందువి, వెనుకవి చదవవలసిన అధ్యాయాల అంకెలు వేయిస్తున్నాము. జనవరి మొదటి బుధవారం నుండి మార్కు సువార్త, వారానికి అర అధ్యాయం. పదహారు అధ్యాయాలు గనుక ఏడు నెలలు దాటుతుంది, తొందరేమీ లేదు. కళ్లజోడు ఉన్నవారు మర్చిపోకుండా తెచ్చుకోండి, రాత్రిపూట మందిరంలో ఆ మూల ట్యూబులైటు సరిగా వెలగడం లేదు. పెద్దమ్మ పక్కన కూర్చోవాలనుకునేవారు కొంచెం ముందుగా రండి.